పటుక్కుమన్న చప్పుడు

కిందటేడు ఉగాది కార్యక్రమం అయిపోయాక, హాల్లో కుర్చీలు మడిచి గోడకి చేరవేస్తున్నప్పుడు ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ, మీరు సి.పి.ఆర్. క్లాసులు చెబుతారట కదా. ఒక్క కాగితం చూసిపెడతారా?" అని అడిగింది. చేతిసంచీలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. అది మడతల దగ్గర చిరగటానికి సిద్ధంగా ఉంది. ఆస్పత్రి వాళ్ళిచ్చిన రిపోర్టు. అందులో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఉంది. రెండు వైపులా ముందు భాగంలో పక్కటెముకలు విరిగి ఉన్నాయనీ, రొమ్ము ఎముకలో చీలిక ఉందనీ ఆ వాక్యం సారాంశం.

అది వాళ్ళాయన రిపోర్టు. ఆయన పోయి అప్పటికి పధ్నాలుగు నెలలు.

రాత్రి పదకొండు దాటాక ఆయన మంచం మీద వింతగా గురక పెట్టటం వినిపించి ఆవిడ లేచిందట. పిలిస్తే పలకలేదు. 911 కి ఫోను చేస్తే అవతలి మనిషి మంచం మీంచి నేల మీదికి దింపమంది. పద్నాలుగేళ్ళ కొడుకూ ఆవిడా దుప్పటితో సహా లాగి దింపారు. ఫోను స్పీకరులో పెట్టి ఆ అమ్మాయి లెక్క పెడుతుంటే ఆవిడ ఛాతీ మీద నొక్కింది. కాసేపటికి చేతి కింద పటుక్కుమని చప్పుడైంది. ఆవిడ చేతులు వెనక్కి తీసేసుకుంది. "ఆపకండి, నొక్కుతూనే ఉండండి" అంది ఫోనులో అమ్మాయి. మళ్ళీ మొదలుపెట్టింది. తొమ్మిది నిమిషాలకి అంబులెన్సు వచ్చింది. షాకు ఇస్తే గుండె మళ్ళీ కొట్టుకుంది. ఆస్పత్రిలో మూడు రోజులు ఉన్నాడు. స్పృహ రాకుండానే పోయాడు.

తరవాత ఇండియా నుంచి ఫోనులో ఆడపడుచు అన్న మాట ఇది: "అసలే ఊపిరాడని మనిషిని ఎముకలు విరిగేట్టు నొక్కితే ఎలా బతుకుతాడమ్మా?"

పధ్నాలుగు నెలలపాటు ఆ మాటనీ, ఈ కాగితాన్నీ ఆవిడ ఎవరికీ చూపించకుండా మోసుకు తిరిగింది. "నిజం చెప్పండి అన్నయ్యగారూ, నేను నొక్కటం వల్లే పోయారా?" అని అడిగింది.

కాదని అక్కడే చెప్పాను. కానీ నిలబడి చెప్పిన ఒక్క ముక్కతో తీరే సందేహం కాదది. అందుకే ఈ వ్యాసం. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

నేను డాక్టరుని కానని ముందే మనవి చేసుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళు కరెంటు కంపెనీలో పనిచేసి రిటైరైన ఇంజినీరుని. ఇక్కడ మేరీలాండ్ లో నెలకో శనివారం, ఓపికున్నవాళ్ళకి ఛాతీ నొక్కటం నేర్పుతుంటాను. ఇంజినీరుకి ఈ గోల ఎందుకని మా ఆవిడ కూడా అడుగుతుంది. దానికి జవాబు బాల్టిమోర్ లోనే ఉంది. ఈ విద్య మా ఇంటికి గంట దూరంలో పుట్టింది. పుట్టించిన ముగ్గురిలో పెద్దాయన ఎలక్ట్రికల్ ఇంజినీరు!

ఆయన పేరు విలియం కౌవెన్‌హోవెన్. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. కరెంటు స్తంభాలెక్కే పనివాళ్ళు షాకు తగిలి చచ్చిపోతుంటే, దానికి విరుగుడు వెతకమని విద్యుత్ కంపెనీలు 1920లలో డబ్బిచ్చి పరిశోధన చేయించాయి. షాకుతో గతి తప్పిన గుండెని మరో షాకుతో దారిలో పెట్టవచ్చని తేలింది. ఛాతీ కొయ్యకుండా, పైనుంచే ఆ షాకు ఇచ్చే యంత్రం తయారు చెయ్యటంలో ఆయన సగం జీవితం గడిచింది. 1958లో ఆయన దగ్గర పనిచేస్తున్న గై నికర్‌బాకర్ అనే కుర్ర ఇంజినీరు కుక్కల మీద ప్రయోగం చేస్తూ ఒక విచిత్రం గమనించాడు. షాకు ఇవ్వకముందే, ఆ బరువైన లోహపు పలకల్ని ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడల్లా రక్తపు పోటు కాస్త పైకి లేస్తోంది. అంటే పైనుంచి నొక్కినా లోపల రక్తం కదులుతోందన్నమాట. జేమ్స్ జూడ్ అనే సర్జన్ వాళ్ళతో కలిశాడు. 1960 జులైలో ముగ్గురూ కలిసి ఒక పత్రం ప్రచురించారు. 20 మంది రోగుల మీద చేస్తే 14 మంది బతికారని అందులో రాశారు. అప్పటిదాకా గుండె ఆగితే డాక్టరు కత్తితో ఛాతీ కోసి, చెయ్యి లోపల పెట్టి గుండెని పిసకవలసి వచ్చేది. ఆస్పత్రి బయట ఆ పని ఎవరు చేస్తారు? ఇకనుంచి రెండు చేతులుంటే చాలు, ఎవరైనా ఎక్కడైనా మొదలుపెట్టవచ్చని ఆ ముగ్గురూ తేల్చారు. కౌవెన్‌హోవెన్ కి అప్పటికి 74 ఏళ్ళు. తరవాత 1969లో హాప్‌కిన్స్ వాళ్ళు ఆ ఇంజినీరుకి గౌరవ వైద్య పట్టా ఇచ్చారు. మా ఆవిడకి ఇది చెప్పినప్పుడు, "మీకు ఇంకా ఇవ్వలేదుగా" అంది.

అదే ఊళ్ళో, అదే రోజుల్లో, బాల్టిమోర్ సిటీ ఆస్పత్రిలో పీటర్ సఫార్ అనే డాక్టరు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదితే సరిపోతుందని రుజువు చేశాడు. రెండూ కలిపి సి.పి.ఆర్. అయింది. దీన్ని 'హృదయ శ్వాస పునరుద్ధరణ' అని తెలుగు చెయ్యవచ్చు గాని, ఆ మాట పలికేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కాబట్టి సి.పి.ఆర్. అనే అందాం.

ఇక్కడ మన భాషలో ఉన్న ఒక చిక్కు గురించి చెప్పాలి. మన పేపర్లలో 'గుండెపోటుతో మరణించారు' అనే ఒక్క మాటలో రెండు వేరే వేరే సంగతులు కలిసిపోతాయి. గుండె కండరానికి రక్తం తెచ్చే గొట్టం పూడుకుపోతే వచ్చేది గుండెపోటు. ఆ మనిషికి నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటాయి. కానీ మాట్లాడుతుంటాడు, నడుస్తాడు కూడా. ఆయన ఛాతీ నొక్కకూడదు. వెంటనే 911 కి ఫోను చెయ్యాలి. గుండె ఆగిపోవటం వేరు. గుండెని నడిపే కరెంటు గాడి తప్పి, గుండె కొట్టుకోవటం మాని వణుకుతుంది. సెకన్లలో మనిషి కూలిపోతాడు. మొదటిది గొట్టాల గొడవ, రెండోది కరెంటు గొడవ. మొదటిది ముదిరి రెండోది రావచ్చు. మన వాళ్ళలో వచ్చేది చాలావరకు అలాగే. 52 దేశాల్లో గుండెపోటు రోగుల్ని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందనీ, మిగతావాళ్ళకి దాదాపు 59 కి వస్తోందనీ తేలింది. ఉద్యోగంలో ఉండగానే, పిల్లల కాలేజీ ఫీజులు కడుతుండగానే అన్నమాట.

గుండె ఆగిన మనిషికి వెంటనే ఎవరూ నొక్కకపోతే, బతికే అవకాశం నిమిషానికి నూటికి ఏడు నుంచి పది పాళ్ళు తరిగిపోతుంది. అంబులెన్సు ఎనిమిది, తొమ్మిది నిమిషాలకి వస్తే లెక్క మీరే వేసుకోండి. ఎంత బాగా నొక్కినా మామూలు రక్త ప్రవాహంలో మూడో వంతుకి మించి రాదు. కానీ మెదడు పాడవకుండా ఆ కాస్త రక్తమే కాపాడుతుంది. షాకు యంత్రం వచ్చేదాకా గుండెని షాకుకి పలికే స్థితిలో ఉంచేదీ అదే. ఇక్కడ ఆస్పత్రి బయట ఏటా మూడున్నర లక్షల మందికి పైగా ఇలా కూలిపోతున్నారు. పదింట ఏడు సంఘటనలు ఇంట్లోనే జరుగుతున్నాయి. అంటే మీరు నేర్చుకునేది ఎవరో దారినపోయేవాడి కోసం అనుకోకండి. నొక్కవలసి వస్తే నొక్కేది మీ నాన్నగారి ఛాతీనే, మీ ఆయన ఛాతీనే.

ఇప్పుడు ఎముకల దగ్గరికి వస్తాను.

పక్కటెముకలు వెనక వెన్నెముకకీ, ముందు రొమ్ము ఎముకకీ అతుక్కుని ఉంటాయి. ముందు వైపు ఆ అతుకు మెత్తటి మృదులాస్థి. చిన్నపిల్లల్లో అది రబ్బరులా వంగుతుంది. అందుకే పిల్లలకి విరగటం చాలా అరుదు. వయసు పెరిగేకొద్దీ అందులో సున్నం పేరుకుని గట్టిపడుతుంది. ఎముకలు పెళుసెక్కుతాయి. అటువంటి ఛాతీని పెద్దవాళ్ళలో రెండంగుళాలు లోపలికి నొక్కాలి. అంటే ఛాతీ మందంలో సుమారు ఐదో వంతు. అదీ నిమిషానికి వందసార్లకి తగ్గకుండా. మనిషిని బట్టి ముప్ఫై నుంచి యాభై కిలోల బరువు పడాలి దానికి. ఒక బియ్యం బస్తాని నిమిషానికి వందసార్లు ఛాతీ మీద ఎత్తి దించినట్టు. ఎముకలు విరగకుండా ఉంటేనే ఆశ్చర్యపడాలి.

ఎంతమందికి విరుగుతాయి? స్లొవేనియాలో, సి.పి.ఆర్. చేసినా దక్కకుండా పోయిన 2,148 మంది శవపరీక్షల్ని తిరగేసి 2015లో ఒక పత్రం ప్రచురించారు. మగవాళ్ళలో నూటికి 77 మందికి, ఆడవాళ్ళలో 85 మందికి పక్కటెముకలు విరిగి ఉన్నాయి. రొమ్ము ఎముక మగవాళ్ళలో 59 మందికి, ఆడవాళ్ళలో 79 మందికి విరిగింది. నొక్కినవాళ్ళలో అనుభవజ్ఞులు లేక కాదు. నొక్కవలసినంత నొక్కితే జరిగేది అదే. పాత అధ్యయనాల్లో ఈ అంకెలు నూటికి 13 నుంచి 97 దాకా రకరకాలుగా ఉన్నాయి. ఎవరు ఎంత శ్రద్ధగా వెతికితే అన్ని కనిపించాయి.

నేను ఆవిడకి ముందుగా చెప్పింది ఇదే. ఆ రిపోర్టులో ఉన్న వాక్యం నేరారోపణ పత్రం కాదు. స్కానింగు తీసిన డాక్టరు కంటికి కనిపించిందల్లా రాస్తాడు. అది ఆయన పని. విరిగిన ఎముకలు కనిపించాయి, రాశాడు. ఆ అర్ధరాత్రి చేతుల్లో బలం సరిపోయేంతగా ఎవరో నొక్కారని దాని అర్థం.

మరి విరిగిన ఎముకల వల్ల ప్రాణం పోదా? కాలేయం చీలటం, ఊపిరితిత్తికి గుచ్చుకోవటం లాంటివి జరగవచ్చు. కానీ అవి అరుదు. చెయ్యి బాగా కిందికి జారి, రొమ్ము ఎముక కొస మీద పడితే ఆ ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఛాతీ మధ్యలో, ఆ ఎముక కింది సగం మీద చెయ్యి పెట్టమంటాం. బతికి బయటపడ్డవాళ్ళకి పక్కటెముకలు ఆరు వారాల్లో అతుక్కుంటాయి. వీటికి కట్టు కట్టరు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా నొప్పి. ఆ నొప్పికి భయపడి ఊపిరి పైపైన పీలిస్తే న్యుమోనియా వస్తుందని, మందులిచ్చి మరీ గట్టిగా ఊపిరి పీల్పిస్తారు. అంతే. గుండె ఆగిన మనిషి అప్పటికే పోయిన మనిషి. ఆయనకి ఇంతకంటే ఏం చెడు చెయ్యగలం?

"సరే, గుండె ఆగకుండానే ఆగిందనుకుని నొక్కేస్తేనో?" అని క్లాసులో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో దీన్నే పరిశీలించి 2010లో ప్రచురించారు. 911 అమ్మాయి చెప్పగా ఇంట్లోవాళ్ళు నొక్కిన కేసుల్లో, తీరా చూస్తే గుండె ఆగని వాళ్ళు కొందరు తేలారు. పూర్తి వివరాలు దొరికిన అలాంటి 247 మందిలో ఎముక విరిగింది అయిదుగురికి. లోపలి అవయవాలకి దెబ్బ తగిలింది ఒక్కరికీ లేదు. పొరపాటున నొక్కితే నూటికి ఇద్దరికి పక్కటెముక పోతుంది. పొరపాటున నొక్కకపోతే మనిషే పోతాడు. ఇంతకంటే తేలికైన బేరీజు నా ఉద్యోగంలో నాకెప్పుడూ తగల్లేదు.

అలాగని ఎంత లోతు నొక్కితే అంత మంచిదనీ కాదు. 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కనీసం రెండంగుళాలు అంది. పై హద్దు చెప్పలేదు. 2013లో ఫిన్‌లాండ్ నుంచి ఒక పరిశోధన వెలువడింది. మగవాళ్ళలో నొక్కుడు లోతు అయిదారు సెంటీమీటర్ల మధ్య ఉన్నప్పుడు పావు వంతు మందికి పైగా గాయాలైతే, ఆరు దాటినప్పుడు దాదాపు సగం మందికి అయ్యాయని అందులో తేలింది. 2015లో మార్గదర్శకాలు మార్చి, ఆరు సెంటీమీటర్లు మించవద్దని కలిపారు. గాయాల మీద పరిశోధన నిజంగా పనికొచ్చింది ఇక్కడే. నొక్కవద్దని చెప్పటానికి కాదు, ఎక్కడిదాకా నొక్కాలో చెప్పటానికి. అయితే యంత్రం లేకుండా చేతికి సెంటీమీటరు తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు. అసలు మామూలు మనుషులు చేసే తప్పు ఎక్కువ నొక్కటం కాదు, తక్కువ నొక్కటం. నా క్లాసులో బొమ్మకి లోతు సరిపోతే పచ్చ దీపం వెలుగుతుంది. మన వాళ్ళు మొదటిసారి కూర్చుని చపాతీ పిండి పిసికినట్టు మోచేతులు వంచి నొక్కుతారు. దీపం వెలగదు. మోచేతులు బిగించి, భుజాలు సరిగ్గా చేతుల మీదికి వచ్చేట్టు వంగి, నడుము దగ్గర్నుంచి ఒంటి బరువంతా వెయ్యాలి. నొక్కాక ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అప్పుడే గుండెలోకి రక్తం మళ్ళీ చేరుతుంది. రెండు నిమిషాలు అలా చేస్తే నలభై ఏళ్ళ కుర్రాడికి కూడా చెమటలు పడతాయి. అందుకని రెండో మనిషి ఉంటే రెండు నిమిషాలకోసారి చేతులు మారాలి.

లెక్క గురించి ఒక చిన్న మాట. నిమిషానికి 100 నుంచి 120 అంటే ఒక్కో నొక్కుకి అర సెకను పైచిలుకు. ఇంగ్లీషులో ముప్ఫై దాకా ఎలాగో లాక్కొస్తారు గాని, తెలుగులో 'ఇరవై ఒకటి, ఇరవై రెండు' దగ్గరికి వచ్చేసరికి నాలుక మడతపడి నొక్కుడు మందగిస్తుంది. అందుకని మా క్లాసులో 'ఒకటి' నుంచి 'పది' దాకా మూడుసార్లు లెక్క పెట్టిస్తాను. నోట్లో నోరు పెట్టి ఊదటం రాకపోయినా, ఇష్టం లేకపోయినా, పెద్దవాళ్ళు కళ్ళెదుట కూలిపోయినప్పుడు ఉత్త నొక్కుడే చాలని 2008లోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది. నీళ్ళలో మునిగినవాళ్ళకీ, పిల్లలకీ మాత్రం ఊపిరి కూడా కావాలి. అది కాగితం మీద చదివి వచ్చేది కాదు, చేసి నేర్చుకోవలసిందే.

ఆవిడ విన్న గురక సంగతి ఇంకా ఉంది. గుండె ఆగిన తరవాత కూడా కొన్ని నిమిషాలపాటు చాలామందిలో గుటకలు వేసినట్టు, గురక పెట్టినట్టు, ఆగి ఆగి ఊపిరి వస్తుంది. మనకి దీనికి పేరు ఎప్పటినుంచో ఉంది. ఎగశ్వాస. కొనఊపిరి. మన అమ్మమ్మలు ఆ శబ్దాన్ని మంచాల పక్కన కూర్చుని విన్నారు. అది పోయే ప్రాణమని గుర్తుపట్టారు. అమెరికా వచ్చిన మనం మాత్రం, "ఊపిరి ఆడుతోందిగా, ఫరవాలేదు" అని మొహం మీద నీళ్ళు చల్లుతాం, అరికాళ్ళు రుద్దుతాం, నోట్లో నీళ్ళు పోస్తాం. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యటం వల్ల అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పిలిస్తే పలకడు, ఊపిరి మామూలుగా లేదు. ఈ రెండూ చూస్తే చాలు, నాడి కోసం వెతుక్కోనక్కరలేదు. ఆవిడ ఆ గురకని గురకే అనుకుని మళ్ళీ పడుకోలేదు. లేచింది. ఆ మాట కూడా ఆవిడకి చెప్పాను.

ఇక్కడ మన ఇళ్ళకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉంది. పగలు మనం ఆఫీసుల్లో, పిల్లలు బళ్ళో. ఇంట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మా నాన్నా ఇద్దరే. నాన్న కూలిపోతే అమ్మ ఏం చేస్తుంది? నూటికి తొంభై మంది అమ్మలు ముందు కొడుక్కో కూతురికో ఫోను చేస్తారు. వాళ్ళు మీటింగులో ఉంటారు. 911 కి చేసినా, ఇంగ్లీషు అంతగా రానివాళ్ళు పిలిచినప్పుడు గుండె ఆగిందని గుర్తించటానికీ, మొదటి నొక్కు పడటానికీ ఎక్కువ సమయం పడుతోందని కింగ్ కౌంటీలోనే మరో పరిశోధనలో గమనించారు. అందుకని మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. మా చిరునామా తెలుగు లిపిలో, ఇంగ్లీషు ఉచ్చారణతో. దాని కింద మూడు మాటలు, అవీ తెలుగు లిపిలోనే: 'హస్బెండ్. నాట్ బ్రీతింగ్. తెలుగు.' దుబాసీని ఫోను మీదికి తెచ్చే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. ఈలోగా ఫోను స్పీకరులో పెట్టి నొక్కటం మొదలెట్టమని మా అమ్మకి నేర్పాను. ఆవిడకి 71. మోకాళ్ళ నొప్పులు. నేల మీద కూర్చోలేనంది. కూర్చోబెట్టాను. దీపం అయిదుసార్లు వెలిగింది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో మొహమాటం అడ్డొస్తుంది. 2018లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ఇక్కడ బహిరంగ స్థలాల్లో కూలిపోయిన మగవాళ్ళలో నూటికి 45 మందికి పక్కవాళ్ళు సి.పి.ఆర్. చేస్తే, ఆడవాళ్ళలో 39 మందికే చేశారు. చెయ్యి వెయ్యాలంటే జంకు. తెల్లవాళ్ళ మధ్యే ఇలా ఉంటే, మన వ్రతాల్లో, పెళ్ళిళ్ళలో పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ పడిపోతే ముప్ఫై మంది మగవాళ్ళం చుట్టూ నిలబడి ఆడవాళ్ళ కోసం కేకలేస్తామని నా భయం. దావాలు వేస్తారేమోనన్న భయం కూడా ఉంది. సదుద్దేశంతో సాయం చేసినవాళ్ళని కాపాడే చట్టం ఏదో ఒక రూపంలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది.

సినిమాలు కూడా మనల్ని కొంత చెడగొట్టాయి. హీరో గుండె మీద రెండు గుద్దులు గుద్ది "లే!" అంటే హీరోయిన్ కళ్ళు తెరుస్తుంది. ఎముకలు విరగవు. అమెరికా టి.వి. సీరియళ్ళని కూర్చుని చూసి మరీ లెక్క కట్టి 1996లో ఒక పత్రం రాశారు. వాటిల్లో సి.పి.ఆర్. చేయించుకున్నవాళ్ళలో నూటికి 67 మంది నిక్షేపంగా బతికిపోయారు! అసలు లెక్క వేరు. స్వీడన్‌లో, ఎవరో ఒకరు చూస్తుండగా కూలిపోయిన 30 వేల మందికి పైగా రోగుల వివరాలు 2015లో ప్రచురించారు. అంబులెన్సు రాకముందు ఎవరూ నొక్కనివాళ్ళలో నెల తరవాత బతికి ఉన్నది నూటికి నలుగురు. నొక్కినవాళ్ళలో పదిన్నర మంది. రెండున్నర రెట్లు. కానీ పదిన్నరే.

ఈ అంకెని ఆవిడకి చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు తటపటాయించాను. చెప్పాను. అంత బాగా చేసినా నూటికి తొంభై మంది దక్కరు. ఆ తొంభైలో ఆయన ఉండటానికి ఆవిడ చేతులు కారణం కావు. ఆయన్ని నలుగురి లెక్కలోంచి పదిమంది లెక్కలోకి తెచ్చినవి ఆ చేతులే. షాకు ఇస్తే గుండె తిరిగి కొట్టుకుందంటే, అప్పటిదాకా దాన్ని నిలిపి ఉంచింది ఆవిడే. ఆ మూడు రోజుల్లో పెద్దకూతురు కాలిఫోర్నియా నుంచి వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆవిడ అంతా విని, కాగితం మళ్ళీ అవే మడతలు వేసి సంచీలో పెట్టుకుంది. "మా వదినగారికి ఇది తెలుగులో రాసి పంపిస్తారా?" అంది.

క్లాసు ఒకసారి చేస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. సర్టిఫికెట్టు మీద రెండేళ్ళు అని రాసి ఉంటుంది గాని, ఆరు నెలలు తిరక్కుండానే చేతులు మరిచిపోవటం మొదలుపెడతాయి. చాలా పరిశోధనల్లో ఇదే తేలింది. అందుకని పాతవాళ్ళు కూడా మూణ్ణెల్లకో ఆర్నెల్లకో వచ్చి రెండు నిమిషాలు నొక్కి వెళ్ళండని మా వాళ్ళందరికీ చెబుతుంటాను. టీ, పకోడీలు ఉంటాయి.

మేం వాడే బొమ్మలు నార్వేలో బొమ్మల వ్యాపారి ఆస్మండ్ లేర్డాల్ 1960లో తయారు చేసిన బొమ్మ సంతతివి. మొదట ఊపిరి ఊదటానికే చేశాడు. తరవాత సఫార్ సలహాతో ఛాతీలో స్ప్రింగు పెట్టాడు. ఆ బొమ్మ మొహం పారిస్‌లో, సీన్ నదిలో పందొమ్మిదో శతాబ్దం చివర్లో దొరికిన, పేరు తెలియని ఒక అమ్మాయిదని చెప్పుకుంటారు. కళ్ళు మూసుకుని, పెదవుల మీద చిన్న నవ్వుతో ఉంటుంది.

ఆవిడ ఇంతవరకు బొమ్మ ముందు కూర్చోలేదు. నేనూ అడగలేదు. కొడుకుని పంపిస్తుంది. వాడు బాగా నొక్కుతాడు, వాడికి లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు. క్లాసు అయిపోయాక ఆవిడ వంటింట్లోంచి వచ్చి, స్పిరిట్ గుడ్డ తీసుకుని, ఒక్కొక్క బొమ్మ మొహం తుడిచి, పెట్టెలో పడుకోబెట్టి మూత వేస్తుంది.